పక్క తోటలో అంటు తెగులు: నిమ్మ ఊళ్లలో పంచాయతీ ఏం చేయగలదు, ఎలా చేయాలి

మీరు ఎండుపుల్లలు తీసి, రాగి మందు కొట్టి, నిమ్మతోటను శుభ్రంగా పెట్టుకున్నారు. గట్టు అవతలి తోట యజమాని చెన్నైలో ఉంటాడు. ఆ తోటలో కత్తెర పడి ఏళ్లయింది, మందు వాసన లేదు. అక్టోబరులో వాయుగుండం పట్టి గాలివాన కొట్టిందంటే అక్కడి గజ్జి తెగులు నీటి తుంపరలతో వచ్చి మీ చిగుళ్ల మీద పడుతుంది. మచ్చకాయకు మార్కెట్లో ధర ఉండదు. మీరు సర్పంచి దగ్గరికి వెళితే, "వాళ్ల సొంత తోట కదన్నా, మనమేం చేస్తాం" అంటాడు.

చేయగలిగింది చాలానే ఉంది. అయితే వరస తప్పకూడదు. ముందు తెగులు తేల్చుకోవాలి, తర్వాత మనుషులతో మాట్లాడాలి, ఆ తర్వాత కాగితం, అన్నిటికంటే చివర చట్టం. నెల్లూరు వైపు పొదలకూరు, సైదాపురం, రాపూరు, కలువాయి లాంటి నిమ్మ మండలాల్లోని సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, సచివాలయంలోని ఉద్యాన సహాయకులు, తోటి రైతులు వాడుకునేలా ఇది రాస్తున్నాను. ప్రకాశం జిల్లా మెట్టలో బత్తాయి, నిమ్మ వేసిన ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మొదటి అంచె: ఏ తెగులో తేల్చండి

ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి. ఆకు పసుపుబారితే చాలు "వైరస్" అనేస్తారు, పక్కవాడి చెట్లు కొట్టేయమంటారు. తెగులును బట్టి పక్క తోట యజమానిని ఏం అడగాలన్నది మారిపోతుంది. కత్తిరిస్తే సరిపోయే తెగులుకు చెట్టు పీకమనడం అన్యాయం. పీకాల్సిన చెట్టుకు మందులు కొడుతూ కూర్చోవడం ఊరికి నష్టం.

గజ్జి తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది. ఆకు మీద గరుకుగా, బిరడాలా ఉబ్బిన గోధుమ రంగు మచ్చలు, వాటి చుట్టూ పసుపు వలయం కనిపిస్తాయి. కాయ మీద, పుల్లల మీద కూడా గరుకు మచ్చలే. తడి తగలగానే మచ్చల్లోంచి బాక్టీరియా బయటికి ఊరుతుంది. వానతో పాటు గంటకు దాదాపు 30 కిలోమీటర్లు దాటిన గాలి ఉంటే ఆ నీరు లేత ఆకు రంధ్రాల్లోకి నేరుగా దూరిపోతుంది. లేత ఆకు లోపల తెల్లటి వంకర గీతలు గీస్తూ తొలిచే పురుగు చేసిన గాయాలు దానికి ఇంకో దారి. పుల్లల మీది పాత మచ్చల్లో ఈ బాక్టీరియా ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. వదిలేసిన తోట ప్రమాదం కావడానికి కారణం ఇదే. నిమ్మ ఈ తెగులుకు బాగా లొంగుతుంది, బత్తాయి కొంత తక్కువ. దీనికి చెట్టు పీకనక్కర్లేదు.

గ్రీనింగ్ తెగులు సంగతి వేరు. ఇదీ బాక్టీరియానే, కానీ చెట్టులో ఆహారం ప్రసరించే నాళాల్లో ఉంటుంది కాబట్టి పైన కొట్టే మందు దాన్ని చంపలేదు. సిల్లా అనే చిన్న పురుగు, తెగులు సోకిన చెట్టు నుంచి తెచ్చిన అంటు, ఈ రెండింటి ద్వారా ఇది పాకుతుంది. బత్తాయికి దీనివల్ల దెబ్బ ఎక్కువ. మొదట ఒక కొమ్మే పసుపుబారుతుంది. కాయ ఒక పక్కకు వంకరగా పెరిగి, పండినా కింది భాగం పచ్చగానే ఉండిపోతుంది. సోకిన చెట్టు బాగుపడదు, తీసేయాల్సిందే.

కానీ తీసేసే ముందు ఒక్క పరీక్ష చేయండి. జింకు లోపం ఉన్న ఆకు చూడటానికి అచ్చం గ్రీనింగ్‌లాగే ఉంటుంది. ఆకు నడిమి ఈనెకు రెండు వైపులా ఒకే చోట పెన్నుతో సున్నాలు చుట్టండి. రెండు సున్నాల్లోనూ పసుపు, పచ్చ ఒకే తీరుగా ఉంటే పోషక లోపం కావచ్చు. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి కొట్టి, వచ్చే కొత్త చిగురు చూడండి. ఒక సున్నాలో పచ్చ, రెండో దాంట్లో పసుపు మరకలు ఉంటే గ్రీనింగ్ అనుమానం. అది కూడా అనుమానమే. మండల ఉద్యాన అధికారి ద్వారా ఆకుల నమూనా ల్యాబ్‌కు పంపి, రిపోర్టు వచ్చాకే పీకే మాట ఎత్తాలి. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ పరిశోధన కేంద్రం ఉంది, నెల్లూరులో, ప్రకాశం జిల్లా దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్తను ఒక్కసారి తోటకు పిలిపించగలిగితే సగం తగాదాలు ఆగిపోతాయి. ఊళ్లోవాళ్లం చెప్పుకునే మాట పక్క తోట యజమానికి ఆరోపణలా వినిపిస్తుంది. శాస్త్రవేత్త సంతకం పెట్టిన కాగితానికి ఆ చిక్కు లేదు.

మొదలు దగ్గర బంక కారడం, వేరుకుళ్లు మట్టి, నీటి ద్వారా పాకేవి. వీటికి పక్క తోటను అడగాల్సింది ఒక్కటే: పారిన నీరు మీ పాదుల్లోకి రాకుండా కాలువ మళ్లించమని. మీ తోటలో మొదలుకు నీరు తగలకుండా రెండు పాదుల పద్ధతి (మొదలు చుట్టూ పొడిగా ఉండే చిన్న పాదు, దాని వెలుపల నీరు పెట్టే పాదు) చేసుకుని, బంక గీకేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తే చాలావరకు అదుపులో ఉంటుంది.

రెండో అంచె: పటం, జాబితా

ఉద్యాన సహాయకుడి దగ్గర ఈ-క్రాప్ (ఆన్‌లైన్ పంట నమోదు) వివరాలు ఉంటాయి. సర్వే నంబర్ల వారీగా ఎవరి నిమ్మ ఎక్కడుందో అందులో దొరుకుతుంది. గ్రామ పటం మీద ఆ నంబర్లకు రంగు వేయండి. శుభ్రంగా ఉన్నవి, తెగులు ఉన్నవి, పట్టించుకునే దిక్కు లేనివి విడివిడిగా కనిపించాలి. గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో కూడా గుర్తు పెట్టండి. మన జిల్లాల్లో పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడుతుంది కాబట్టి, తుపాను గాలులు వచ్చే వైపు ఉన్న తోటలను ముందు చూడాలి.

జాబితా రాసేటప్పుడు మొదటి పేజీలో పంచాయతీ సొంత స్థలాలు, బడి ఆవరణ, దేవుడి మాన్యం చెట్లు రాయండి. ఊరి చెట్టుకు గజ్జి ఉంచుకుని రైతుకు నోటీసు ఇస్తే ఎవరూ లెక్కచేయరు. దేవాదాయ భూమిలో చెట్టు ముట్టుకోవాలంటే ఆ గుడి కార్యనిర్వహణాధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

మూడో అంచె: యజమానితో మాట

భూమి ఎవరిదో వీఆర్వో దగ్గర అడంగల్, 1బీ చూసి తెలుసుకోండి. ఆపైన తోట నిజంగా ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. మన వైపు చాలా తోటలు గుత్తకు పోతాయి. కాయ గుత్తదారుడిది, చెట్టు యజమానిది. కత్తిరింపుకు గుత్తదారుడు "ఈ కోత పోతుంది" అని అడ్డం పడతాడు. చెట్టు పీకడానికి యజమాని ఒప్పుకోవాలి. ఇద్దరితోనూ మాట్లాడకుండా ఒక్కరి సంతకంతో పని మొదలుపెడితే మధ్యలో ఆగిపోతుంది.

మొదటి మాట ఫోన్‌లో, మర్యాదగా. తెలిసిన బంధువు చేత చేయిస్తే ఇంకా మంచిది. "అన్నా, మీ తోట ఎండిపోతుంటే చూడలేకపోతున్నాం, కూలీలను మేమే పెట్టిస్తాం, మీరు సరేనంటే చాలు" అంటే చాలామంది వెంటనే ఒప్పుకుంటారు. దూరాన ఉన్నవాళ్లకు అసలు టెన్షన్ ఖర్చు గురించి కాదు, తాము లేనప్పుడు భూమిలోకి ఎవరో వస్తే హద్దులు జరుగుతాయేమోనని. "హద్దు రాళ్ల ఫొటోలు తీసి పంపించాకే పని మొదలుపెడతాం" అని మీరే ముందు చెప్పండి. ఒప్పుకున్నాక ఆ మాటను వాట్సాప్‌లో అయినా రాతగా తీసుకోండి. ఏ పని, ఏ సర్వే నంబరు, ఏ తేదీ, ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి.

నాలుగో అంచె: గ్రామసభ తీర్మానం

తీర్మానంలో మూడు సంగతులు ఖాయం చేయండి: తెగులు పేరు, అది ఉన్న సర్వే నంబర్లు, అందరూ ఒకేసారి కత్తిరించి మందు కొట్టే వారం. ఎవరి పేరూ దోషిలా రాయకండి. కోత కూలీలు, కాయ కొనే వ్యాపారులు పాటించాల్సిన పద్ధతి కూడా అందులోనే పెట్టండి: మంచుకు, వానకు ఆకు తడిగా ఉన్నప్పుడు తోటలోకి దిగకూడదు, తెగులు తోటలో కోసి అటునుంచి శుభ్రమైన తోటలోకి వెళ్లకూడదు, శుభ్రమైన తోటే ముందు కోయాలి.

ఇక డబ్బు. సొంత తోటల్లో పనికి పంచాయతీ నిధులు వాడితే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. రైతులు ఎకరానికి ఇంతని వేసుకుని ఒక కమిటీ ఖాతాలో పెట్టుకోవడమే మేలు. పంచాయతీ దండోరా వేయించవచ్చు, రికార్డు ఉంచవచ్చు, నోటీసులు ఇవ్వవచ్చు.

ఐదో అంచె: గజ్జికి ఊరంతా ఒకే వారంలో

సెప్టెంబరులో, పెద్ద వానలకు ముందు, ఎండుపుల్లలు, మచ్చలున్న పుల్లలు, నీటికొమ్మలు (కాపు లేకుండా నిటారుగా ఏపుగా పెరిగేవి) తీసేయండి. పొడి రోజు చూసి మొదలుపెట్టాలి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లే ముందు కత్తెరను ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచాలి. కత్తిరించిన ముళ్లకంపను కంచెకు వేయకండి, ఊరి రోడ్డు వెంట లాక్కెళ్లకండి. ఎక్కడ కత్తిరించారో ఆ తోటలోనే, గాలి లేని ఉదయం పూట తగలబెట్టండి.

వెంటనే ఒక శాతం బోర్డో మిశ్రమం గానీ, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ కొట్టాలి. బోర్డోకు 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. రెండూ వేర్వేరుగా ప్లాస్టిక్ పీపాల్లో కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోస్తూ కలపాలి. మెరిసే చాకు ముంచితే ఎర్రటి రాగి పూత పడకూడదు. పడితే ఇంకొంచెం సున్నం కలపాలి. కొత్త చిగురు వచ్చిన ప్రతిసారీ, కాయ గోళీకాయంత అయ్యేదాకా రాగి మందు మళ్లీ కొట్టాలి. స్ట్రెప్టోసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు ఉద్యాన అధికారి చెప్పనిదే వాడకండి.

పక్క తోట యజమాని ఎంతకీ దొరకకపోతే, ఎవరి అనుమతీ అక్కర్లేని పని ఒకటుంది: మీ గట్టు లోపల, గాలి వచ్చే వైపు సరుగుడు గానీ అవిసె గానీ దగ్గరదగ్గరగా రెండు వరసలు వేయడం. గాలి వేగం తగ్గితే గజ్జి దూకుడు బాగా తగ్గుతుంది. నిమ్మ ఊళ్లలో దీన్ని ఇంతగా నిర్లక్ష్యం చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆరో అంచె: చెట్టు తీసేయక తప్పనప్పుడు

గ్రీనింగ్ అని రిపోర్టు వచ్చింది, యజమాని ఒప్పుకున్నాడు. గొడ్డలి పట్టేముందు చెట్టుకు, చుట్టుపక్కల చెట్లకు సిల్లా పురుగు మందు కొట్టండి. లీటరుకు అర మిల్లీ ఇమిడాక్లోప్రిడ్ సరిపోతుంది. పూత మీద ఉన్నప్పుడు కొట్టకండి, తేనెటీగలు చస్తాయి. మందు కొట్టకుండా నరికితే, చెట్టు వాడిపోగానే దాని మీది పురుగులన్నీ తెగులుతో సహా లేచి పక్క తోటల్లో వాలతాయి. మంచి ఉద్దేశంతో చేసిన పని ఊరికే చేటు తెస్తుంది. పెరట్లో కరివేపాకు చెట్ల మీద కూడా సిల్లా పెరుగుతుంది కాబట్టి తోటకు ఆనుకున్న ఇళ్లవాళ్లకు ఆ సంగతి చెప్పి, చిగుళ్లు చూస్తుండమనండి. ఇంట్లో వండుకునే కరివేపాకు మీద మాత్రం ఈ మందు కొట్టకండి, పురుగున్న చిగుళ్లను తుంచి తగలబెడితే చాలు.

నరికి మొద్దు వదిలేస్తే పక్కనుంచి పిలకలు వస్తాయి, వాటిలోనూ తెగులు ఉంటుంది. జేసీబీతో వేర్లతో సహా లేపాలి. అంతకుముందు నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం (2002) ప్రకారం అనుమతి కావాలో లేదో అటవీ రేంజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, అన్నిటికీ లేదు. చెట్ల లెక్క, వయసు, ఫొటోలు, ల్యాబ్ రిపోర్టు నంబరు, ఇద్దరు సాక్షుల సంతకాలతో పంచనామా రాయండి. రేపు యజమాని కొడుకు వచ్చి "మా నాన్న చెట్లు ఎందుకు కొట్టారు" అని అడిగితే ఊరిని కాపాడేది ఆ కాగితమే.

ఏడో అంచె: ఒప్పుకోకపోతే

ముందు పంచాయతీ నుంచి రాతపూర్వక విన్నపం పంపండి. రిజిస్టర్డ్ పోస్టులో రసీదుతో ఒక ప్రతి, పంచాయతీ బోర్డు మీద ఒక ప్రతి. ఈ మాదిరిగా రాయవచ్చు:

"ఫలానా గ్రామం సర్వే నంబరు ఫలానాలోని మీ నిమ్మతోటలో గజ్జి తెగులు ఉన్నట్లు ఫలానా తేదీన ఉద్యాన అధికారి గుర్తించారు. పరిశీలన కాపీ జత చేశాము. రాబోయే వానలకు ముందు తెగులు పుల్లలు కత్తిరించి మందు కొట్టించవలసిందిగా కోరుతున్నాము. మీకు వీలుకాకపోతే, మీ అనుమతితో గ్రామ రైతు కమిటీ ఆ పని చేస్తుంది. 15 రోజుల్లోగా మీ సమాధానం తెలియజేయగలరు. మీ చెట్లను మీ అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోరు."

ఆఖరి వాక్యం తప్పకుండా ఉండాలి. అది నిజం కూడా. తెగులు ఉందన్న కారణంతో ఒకరి పొలంలోకి వెళ్లి చెట్టు నరికే అధికారం సర్పంచికి సొంతంగా లేదు. అలా చేస్తే కేసు సర్పంచి మీద, నరికినవాళ్ల మీద పడుతుంది.

బలవంతం చేసే అధికారం ఉన్నది ప్రభుత్వానికి. మద్రాసు రాష్ట్రం నాటి నుంచి కోస్తా, రాయలసీమలకు వర్తిస్తున్న వ్యవసాయ చీడపీడల చట్టం (1919) ప్రకారం, ప్రభుత్వం ఒక ప్రాంతంలో ఒక తెగులును నోటిఫై చేస్తే ఆ భూమిని సాగులో ఉంచుకున్నవారు చెప్పిన నివారణ చర్యలు చేయాలి. నియమించిన అధికారి తెలియజేసి భూమిలోకి వచ్చి తనిఖీ చేయవచ్చు, నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందినవారికి అప్పీలు హక్కు ఉంటుంది. చేయకపోతే అధికారే చేయించి ఖర్చు రాబట్టవచ్చు. నోటిఫికేషన్ లేనిదే ఇవేవీ కదలవు. కాబట్టి ఒక్క తోట మీద ఫిర్యాదు కన్నా, పక్కపక్క పంచాయతీలు నాలుగైదు కలిసి తీర్మానాలు, పటాలు, ల్యాబ్ రిపోర్టులు జతచేసి జిల్లా ఉద్యాన అధికారికి ఇచ్చి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ నమోదు చేయించడం మేలు.

తెగులుతో ఎండి, దారి మీదకో ఇంటి మీదకో పడేలా ఉన్న చెట్టు సంగతి వేరే. తీర గ్రామాల్లో గనోడెర్మా తెగులుతో మొదలు కుళ్లిన కొబ్బరి చెట్లు ఇలాంటివే. మనుషులకు ప్రమాదం ఉన్నప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద చెట్టు తొలగించమని ఆర్డీవో యజమానిని ఆదేశించవచ్చు. ఫొటోలతో అర్జీ పెట్టండి.

బలవంతం ఎంత దూరం పోవాలో చెప్పడానికి అమెరికాలోని ఫ్లోరిడా అనుభవం చాలు. 1995లో మయామి దగ్గర గజ్జి తెగులు కనబడింది. అక్కడి ప్రభుత్వం తర్వాత తెగులు చెట్టు చుట్టూ 1,900 అడుగుల లోపు ఉన్న నిమ్మజాతి చెట్లన్నీ, ఆరోగ్యంగా ఉన్నా సరే, ఇళ్ల పెరళ్లలోకి వెళ్లి మరీ కొట్టించింది. పెరటి మొదటి చెట్టుకు 100 డాలర్ల వోచరు, ఆపై చెట్టుకు 55 డాలర్లు పరిహారంగా ఇచ్చారు. జనం కోర్టులకెక్కారు, ఏళ్లు గడిచాయి. 2004, 2005 తుపానులు తెగులును అంతటా చల్లేశాయి. 2006లో ఆ నిర్మూలన కార్యక్రమాన్నే ఆపేశారు. మన దగ్గర గజ్జి ఎప్పటి నుంచో పాతుకుపోయిన తెగులు, తుపానులూ మనకు కొత్త కాదు. అందుకే గజ్జి పేరుతో ఆరోగ్యమైన చెట్లు కొట్టించే ఆలోచన ఏ పంచాయతీ చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎనిమిదో అంచె: తీసేసిన చోట ఏం వేయాలి

గ్రీనింగ్ బాక్టీరియా మట్టిలో బతకదు. సిల్లా అదుపులో ఉంటే అదే గుంతలో మళ్లీ నాటవచ్చు. బంక కారే తెగులు శిలీంధ్రం మాత్రం మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి అక్కడ గుంత మార్చి, మురుగు పోయే ఏర్పాటు చేశాకే నాటాలి.

మొక్కలు 2010 నర్సరీల చట్టం కింద రిజిస్టరైన నర్సరీలోనే, బిల్లుతో తీసుకోండి. కొనేముందు ఆకు తిప్పి గజ్జి మచ్చ ఉందేమో చూడండి. ఒక్క మొక్క మీద కనిపించినా ఆ వరస మొత్తం వద్దనండి. గజ్జిని కొంత తట్టుకునే బాలాజీ, పెట్లూరు సెలక్షన్-1 రకాలు దొరికితే వాటికే మొగ్గు చూపండి. పాత తోటలు బాగుచేసుకోవడానికి సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో సాయం ఉంటుంది. చెట్లు పీకిన రైతుల పేర్లు ఆ జాబితాలో ముందు చేర్చమని మండల ఉద్యాన అధికారిని తీర్మానంతో అడగండి. సొంత చెట్లు ఊరి కోసం వదులుకున్నవారికి అది దక్కాల్సిన న్యాయం.

పటం మీద వేసిన రంగులను జనవరిలో, వానలు వెనక్కి తగ్గాక, తోట తోటకూ తిరిగి మార్చండి. పీకిన చోట పిలకలు వచ్చాయేమో, కొత్త చిగురు మీద మచ్చ ఉందేమో చూసి, సర్వే నంబరు, తేదీతో సచివాలయం రిజిస్టర్‌లో రాయించండి. సెప్టెంబరులో మళ్లీ కత్తిరింపు వారం ఖాయం చేసేటప్పుడు గ్రామసభ ముందు పెట్టాల్సింది ఆ రిజిస్టరే.